డొమైన్‌లో చేరని మూడో కంప్యూటరు

నాగలత ఆ ట్రస్టు దవాఖానా ముందు ఆటో దిగేసరికి పదకొండు దాటింది. పొద్దున ఆరింటికి ఖమ్మంలో బస్సెక్కింది. భద్రాచలంలో దిగి, పర్ణశాల వైపు వెళ్లే ఆటోలో యాత్రికుల మధ్య ఇరుక్కుని కూర్చుంది. దారిలో ఏం చూశావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. ఈమధ్య రోజులన్నీ అలాగే గడుస్తున్నాయి. అన్నం తింటుంది, ఏం కూరో గుర్తుండదు. తల దువ్వుకుంటుంది, దువ్వుకున్నానా లేదా అని మళ్లీ చేత్తో తడిమి చూసుకుంటుంది.

ఆమె పనిచేసేది ఖమ్మంలో ఒక చిన్న కంపెనీలో. దవాఖానాలకు, బడులకు, సొసైటీలకు కంప్యూటర్లు చూసిపెట్టడం వాళ్ల పని. పదకొండేళ్లు ఆమె ఆఫీసులోనే కూర్చుని ఫోన్లో చెప్పేది, ఆ వైరు తీసి ఈ వైరు పెట్టండి, ఒకసారి ఆపి మళ్లీ వేయండి అని. ఊళ్లు తిరిగే పని ఆమె భర్త రవీందర్‌ది. ఇద్దరిదీ ఒకటే కంపెనీ. అయిదు నెలల కింద రవీందర్ సత్తుపల్లిలో ఒక బడికి వెళ్లి, పని మధ్యలో ఛాతీ బరువుగా ఉందని కుర్చీలో వెనక్కి వాలాడు. అంబులెన్సు వచ్చేలోపే అయిపోయింది. నలభై రెండేళ్లు.

పదహారో రోజు ఆమె ఆఫీసుకు వచ్చేసింది. రెండు నెలలు గడిచాక మేనేజరు జయప్రకాశ్ మొహమాటపడుతూ అడిగాడు, రవీందర్ తిరిగే ఊళ్లు నువ్వు చూసుకుంటావా అని. ఆమె సరే అంది. ఇప్పుడు ఎవరేం అడిగినా ఆమె నోట వచ్చే మాట అదొక్కటే.

ఈసారి పని ఇదీ. ట్రస్టు వాళ్లు దవాఖానాలో కొత్త సర్వరు పెట్టారు. కంప్యూటర్లన్నీ దాని డొమైన్‌లో చేరాలి. డొమైన్ అంటే సర్వరు దగ్గర ఉండే జాబితా. అందులో పేరున్న కంప్యూటరుకే సర్వరు తలుపు తీస్తుంది, పేరు లేనిదాన్ని గడప తొక్కనివ్వదు. మొత్తం పదకొండు కంప్యూటర్లుంటే, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఎనిమిదింటిని చేర్చి వెళ్లిపోయారు. పాతవి మూడు మొండికేశాయి.

"రెండ్రోజులు చూడు. చేరితే సరి, చేరకుంటే స్క్రాప్ అని రాసి వచ్చెయ్," అన్నాడు జయప్రకాశ్.

దవాఖానా వరండాలోనే ల్యాబు టెక్నీషియన్ పగిడయ్య ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, తెల్లకోటు మోకాళ్ల దాకా వేలాడుతూ ఉంది. ఆమె మెడలోని కార్డు మీద కంపెనీ పేరు చూడగానే మొహం విప్పారింది.

"రవీందర్ సారు రాలేదా మేడం? ఎప్పుడూ సారే గదా వచ్చేది."

"రాలేదండీ."

"బాగున్నడా సారు?"

"బాగున్నడు," అంది నాగలత.

అబద్ధం ఆడాలని అనుకోలేదు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్లుగా అలవాటైన జవాబు అది, దానంతటదే వచ్చేసింది. దిద్దుకోవడానికి ఒక క్షణం ఉండింది. ఆ క్షణంలో పగిడయ్య ఆమె చేతిలోని బ్యాగు అందుకుని ముందుకు నడిచాడు. అది గడిచిపోయింది.

మొదటిది ఓపీ చీట్లు రాసే కౌంటరు దగ్గరి కంప్యూటరు. తెరమీద కింద మూల తేదీ చూసింది, 2009 జనవరి ఒకటి. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినట్టుంది. అయిదు నిమిషాల తేడా ఉంటేనే సర్వరు నమ్మదు, ఇది పదహారేళ్లు వెనక ఉంది. డబ్బా విప్పి, దుమ్ము ఊది, కొత్త బిళ్ల వేసి, తేదీ దిద్దింది. మరోసారి అడగగానే సర్వరు చేర్చుకుంది.

రెండోది మందుల గదిలో. దాని తేదీ సరిగ్గానే ఉంది. కానీ పాత సర్వరు చిరునామా ఎవరో చేత్తో రాసి పెట్టారు. ఆ సర్వరును ఊడదీసి పట్టుకుపోయి వారమైంది, ఈ కంప్యూటరు మాత్రం ఇంకా దాన్నే పిలుస్తూ కూర్చుంది. ఆ అంకెలు చెరిపేసి కొత్తవి రాస్తే పది నిమిషాల్లో అదీ చేరిపోయింది. డబ్బాను మళ్లీ గోడవైపు జరుపుతుంటే పక్కన మార్కరుతో రాసిన అక్షరాలు కనిపించాయి. ఆర్.ఆర్., కింద తేదీ. రవీందర్ చేతిరాత. రెండో 'ఆర్' కాలు ఎప్పుడూ పొడుగ్గా సాగదీస్తాడు. ఆమె కాసేపు చూసింది. తర్వాత డబ్బాను గోడకు ఆనించి స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంది.

మూడోది ల్యాబులో ఉంది.

ఆ గదిలో కిటికీ పక్కన సికిల్ సెల్ పరీక్ష చేసే మిషను ఒకటి, దానికి తగిలించి ఈ కంప్యూటరు. రక్తం మిషనులో పోస్తే రిపోర్టు ఇందులోకి వస్తుంది. చుట్టుపక్కల గూడేల్లో ఈ రక్తపు జబ్బు ఎక్కువ. ఎవరికి ఉంది, ఎవరి ఒంట్లో సగం మాత్రమే ఉంది అన్నది ఈ కంప్యూటరు చెబుతుంది. పన్నెండేళ్ల లెక్క, నాలుగు వేల పైచిలుకు పేర్లు. బయట బెంచీ మీద రామక్క అనే పెద్దామె, ఏడో నెల కడుపుతో ఉన్న కోడల్ని వెంటబెట్టుకుని పొద్దుటి నుంచి కూర్చుని ఉంది.

"కోడలి రక్తంల సగం ఉన్నదని తేలింది మేడం," అన్నాడు పగిడయ్య. "మొగనికి కూడ ఉన్నదా అనేది డాక్టరమ్మకు గావాలె. ఆ పిలగానికి బళ్లె ఉన్నప్పుడే పరీక్ష చేసిన. ఇప్పుడు ఆడు మిరప పనికి పోయి ఎక్కడున్నడో తెల్వది. ఆని రిపోర్టు ఇందులనే ఉన్నది. వారం సంది సర్వరుకు పోతలేదు, ప్రింటు వస్తలేదు. చేత్తోటి రాసిస్తె డాక్టరమ్మ ఒప్పుకోదు, ప్రింటే గావాలంటది."

నాగలత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏ మార్పు చేయాలన్నా ముందు అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. కంపెనీలో అందరూ వాడే రెండు పాస్‌వర్డులు కొట్టింది. తప్పు అంది. రెండోసారి తప్పు అన్నాక, గడి కింద సూచన ఒకటి వచ్చింది. పాస్‌వర్డు మరిచిపోతే గుర్తుకు రావడానికి, పెట్టినవాడు తనకోసం రాసుకునే మాట అది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

మామూలుదే.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. రవీందర్‌కు మామూలుది ఏది? పెళ్లయిన తేదీ కొట్టింది, కాదు. బండి నంబరు, కాదు. ఊరి పేరు, కూతురి పేరు, తన పేరు. ఒక్కోటీ కాదంది. పధ్నాలుగేళ్లు కలిసి ఉన్న మనిషి ఏ మాటను మామూలుగా వాడేవాడో ఆమెకు తెలియదు. అలా అనుకున్నా ఆమె గుండె ఏమీ కలుక్కుమనలేదు. చలికి మొద్దుబారిన వేలును గిల్లినట్టు ఉంది, అంతే.

"అక్కరకు రాని తిప్పలు ఎందుకు మేడం," అన్నాడు పగిడయ్య. "సారును అడిగితె ఒక్క నిమిషం పని."

"వద్దండీ, ఆయన వేరే పనిల..."

ఆమె మాట పూర్తయ్యేలోపే అతను నంబరు నొక్కేశాడు.

స్టూలు మీద పెట్టిన ఆమె బ్యాగులో ఫోను మోగింది.

రవీందర్ ఫోను ఆమె మూయించలేదు. బ్యాంకు ఓటీపీలు, గ్యాసు బుకింగు, బీమా వాళ్ల మెసేజీలు అన్నీ ఆ నంబరుకే వస్తాయి. రోజూ చార్జింగ్ పెట్టి తన ఫోనుతో పాటు వెంట తిప్పుకుంటోంది.

పగిడయ్య బ్యాగు వైపు చూశాడు. చెవి దగ్గరి ఫోను తీసి ఆపాడు. బ్యాగులో మోత ఆగిపోయింది. ఏదో పొరపాటనుకున్నాడేమో, మళ్లీ నొక్కాడు. బ్యాగు మళ్లీ మోగింది. ఈసారి అతను ఆపడం కూడా మరిచిపోయాడు. అది మోగినంతసేపు మోగి, తనే ఊరుకుంది.

"సారు ఫోను మీకాడ ఎందుకున్నది?"

"ఆయన లేడన్నా," అంది నాగలత. "అయిదు నెలలైంది."

ఖమ్మంలో ఈ మాట ఆమె ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. ఆఫీసువాళ్లే సత్తుపల్లి వెళ్లి తెచ్చారు. చుట్టాలకు ఆమె అక్క ఫోన్లు చేసింది. కూతురికి చెప్పింది కూడా అక్కే. వీధిలో వాళ్లకు ఇంటిముందు టెంటు చూసి తెలిసింది. అందరూ తెలిసే వచ్చారు, తెలిసే ఏడ్చారు. ఏమీ తెలియని మనిషి ఎదురుగా నిలబడి, ఏమైందని అడగడం ఇదే మొదలు.

"ఏమైంది?" అన్నాడు పగిడయ్య.

ఆమె మొదటి నుంచి చెప్పింది. ఆఫీసులో ఫోను ఎత్తి, ఫలానా మిషనుకు ఫలానా టైముకు ఇలా అయింది అని రాసుకునేవాళ్లకు చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు మంగళవారం. పొద్దున ఉప్మా వద్దన్నాడు, కడుపులో మంటగా ఉందన్నాడు. మజ్జిగ ఇచ్చాను. ఎనిమిదింటికి బయల్దేరాడు. పన్నెండుకు ఫోను చేసి, ప్రింటరు డ్రైవరు మెయిల్ చెయ్యమన్నాడు. చేశాను. వచ్చిందా అని అడగడానికి పన్నెండున్నరకు చేస్తే వేరే ఎవరో ఎత్తారు.

"మెయిల్ ఆయన చూళ్లేదు," అంది. "తర్వాత నేను చూసిన. అట్లనే ఉన్నది, తెరవకుంట."

పగిడయ్య గోడకు చేరబడి, మెల్లగా కిందికి జారి నేలమీద కూర్చున్నాడు. తెల్లకోటు అంచుతో కళ్లు అద్దుకున్నాడు. తర్వాత అద్దుకోవడం కూడా మానేసి బాహాటంగా ఏడ్చాడు. నాగలత కుర్చీలో కూర్చుని అతన్ని చూస్తూ ఉంది. తనకు రావలసిన ఏడుపు ఎవరో ఎదుటి మనిషి దగ్గర పెట్టినట్టుంది. మంచినీళ్లు ఇవ్వాలని తోచి, సీసా మూత తీసి అందించింది.

"నువ్వు లతవా?" అన్నాడు అతను నీళ్లు తాగి.

"అవ్."

"కార్డు మీద నాగలత అని ఉంటె తెల్వలే. మా లత, మా లత అనేటోడు. మా లత అయితె ఫోన్లనే సగం మిషన్లు బాగు చేస్తది, నేను ఊరికే స్క్రూలు విప్పెటోన్ని పగిడన్నా అనేటోడు." అతను ముక్కు చీదుకున్నాడు. "గోదారి గట్టిగ వచ్చిన ఏడు ఈడనే ఉన్నడు గదా, నాలుగు రోజులు. చెప్పిండా నీకు?"

"రోడ్డు బందైంది, వచ్చుడు కాలేదన్నడు."

"గంతేనా? నీళ్లు వరండా దాక వచ్చినయమ్మా. అందరం రోగులను మేడ మీదికి చేర్చుతున్నం. సారొక్కడే ఈ కంప్యూటరును దుప్పట్ల చుట్టి భుజాన పెట్టుకొని మెట్లెక్కిండు. మిషనును నేనూ ఆయనా కలిసి పట్టుకున్నం. ఇది మునిగితె మళ్ల ఊరూరా తిరిగి రక్తం తియ్యాలె పగిడన్నా అన్నడు. నాలుగు రోజులు మేడ మీద గంజి తాగినం. కోయ మాటలు నేర్పమని నా వెంట పడిండు. నీళ్లకు, అన్నానికి, నొప్పికి ఏమంటరో రాసుకున్నడు."

నాగలత విన్నది. వరద తగ్గి రవీందర్ ఇంటికొచ్చిన రోజు ఆమెకు గుర్తుంది. బట్టలన్నీ బురద కంపు కొడుతున్నాయని తిట్టి, తలుపు బయటే విప్పించింది. అతను నవ్వుతూ విప్పాడు. మేడ సంగతి, భుజం మీద మోసిన సంగతి చెప్పలేదు.

"పని చూస్తానన్నా," అంది. "బయట ఆమె కూర్చున్నది గదా."

సంచిలోంచి చిన్న పెన్‌డ్రైవు తీసింది. దాంతో కంప్యూటరును లేపితే, పాత పాస్‌వర్డు ఏదైనా సరే తుడిచేసి కొత్తది పెట్టుకోవచ్చు. నాలుగు నిమిషాల పని, ఆఫీసులో ఎంతోమందికి ఫోన్లో చెప్పి చేయించిన పనే. ఆఖరున అది అడిగింది, తుడిచెయ్యాలా అని. ఆమె వేలు కాసేపు మీట మీద ఆగింది. తుడిచేస్తే ఆ మామూలుది ఏమిటో ఇక ఎవ్వరికీ తెలియదు. బయట రామక్క దగ్గింది. నాగలత మీట నొక్కింది.

కంప్యూటరు తెరుచుకుంది. డొమైన్‌లో చేరమంటే మాత్రం సర్వరు ససేమిరా అంది. తేదీ సరిగ్గానే ఉంది, చిరునామా సరిగ్గానే ఉంది. దీని విండోసు బాగా పాతది. సర్వరుతో మాట్లాడే పద్ధతే పాతది. ఆ పద్ధతిలో దొంగలు సులువుగా జొరబడుతున్నారని కొత్త సర్వరులో దాన్ని మూసేశారు. పోనీ విండోసు మారుద్దామంటే, మిషనును నడిపే సాఫ్ట్‌వేరు కొత్తదాని మీద లేవదు. దాన్ని రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

జయప్రకాశ్‌కు ఫోను చేసింది.

"అయితే స్క్రాప్ రాసెయ్ లతా. వాళ్లకు కొత్త మిషను వచ్చే ఏడాది ఇస్తమన్నరట. అప్పటిదాక రక్తం ఖమ్మం పంపుకుంటరు."

"మూడు వారాలు పడతది సార్, రిపోర్టు రావడానికి."

"మనమేం చేస్తం? పోనీ సర్వర్ల ఆ పాత పద్ధతి తెరువు, చేరిపోతది."

"ఒక్కదానికోసం తెరిస్తె దవాఖానా మొత్తం తెరిచినట్టే గదా సార్. రోగుల వివరాలన్నీ అందులనే ఉన్నయ్."

"మరింకేంది? స్క్రాప్ రాసి సాయంత్రం బస్సెక్కు."

"లేదు సార్," అంది నాగలత. "రేపు కూడ ఉంట."

సరే అన్నది తప్ప వేరే మాట ఆమె నోట విని చాలా కాలమైందని జయప్రకాశ్‌కూ తట్టినట్టుంది. "నీ ఇష్టం," అని పెట్టేశాడు.

ముందు రామక్క పని. సర్వరుతో నిమిత్తం లేకుండా ఓపీ కౌంటరు దగ్గరి ప్రింటరును ఎత్తుకొచ్చి నేరుగా ఈ కంప్యూటరుకే తగిలించింది. పగిడయ్య పేరు వెతికాడు. ఆరేళ్ల కిందటి రిపోర్టు, తుల్సీరాం అనే పేరు మీద, పరపరమంటూ కాగితం మీదికి వచ్చింది. దాన్ని పట్టుకుని అతను డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"పిలగానికి లేదు," అన్నాడు బెంచీ దగ్గర నిలబడి. "పుట్టే బిడ్డకు జబ్బు రాదు. మహా అంటె కోడలి లెక్క సగం రావచ్చు, దాంతోని భయం లేదన్నది డాక్టరమ్మ."

రామక్క కోడలితో వాళ్ల భాషలో ఏదో అంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగలత తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆ ఇద్దరూ ఎండలోకి నడిచి, గేటు దాటి, ఆటో కోసం చెయ్యెత్తే దాకా చూసింది.

సాయంత్రం వార్డు ఆయా కమ్లి ఆమెను నర్సుల క్వార్టర్సుకు తీసుకెళ్లి, జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టింది. ఏమీ అడగలేదు. పగిడయ్య చెప్పి ఉంటాడు. "ఇంకొక రొట్టె ఏసుకో అక్కా," అని మాత్రం రెండుసార్లు అంది.

మరునాడు పొద్దున స్టోరు గది తీయించింది. విరిగిన మంచాల వెనక పాత డబ్బాలు నాలుగు పడి ఉన్నాయి. ఒకదాంట్లోంచి నెట్‌వర్కు కార్డు ఊడదీసి, అకౌంట్సు గదిలో ఎవరూ వాడని కొత్త కంప్యూటరును ల్యాబుకు తెప్పించి, అందులో బిగించింది. ఇప్పుడు ఆ కొత్తదానికి రెండు వైర్లు. ఒకటి సర్వరుకు, ఒకటి పక్కనే ఉన్న పాత కంప్యూటరుకు. పాతదాన్ని దవాఖానా నెట్‌వర్కు నుంచి పూర్తిగా తెంచేసింది. అది ఇక ఏ డొమైన్‌లోనూ చేరదు, చేరాల్సిన అవసరమూ లేదు. మిషను రిపోర్టు పాతదాంట్లోకి వస్తుంది, అయిదు నిమిషాలకోసారి కొత్తది దాన్ని తీసుకుని సర్వరుకు అందిస్తుంది.

మొదటిసారి పోలేదు. ఫోల్డరు పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దింది. రెండోసారి ఫైళ్లు పోయాయి గానీ పేర్లు ఉండాల్సిన చోట అంకెలు వచ్చాయి. దానితో భోజనాల వేళ దాటిపోయింది. మూడు గంటలకు డాక్టరమ్మ తన గదిలోంచి కేకేసింది, "పగిడయ్యా, పొద్దుటి రిపోర్టులు నా తెర మీదికి వచ్చినయ్!"

పగిడయ్య లేచి, నాగలతకు దండం పెట్టబోయి, ఏమనుకున్నాడో చేతులు దించుకున్నాడు. "మంచిగ చేసినవు చెల్లె," అన్నాడు.

పాత కంప్యూటరుకు కొత్త పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి అతనికిచ్చింది. ఒకటి నువ్వు దాచుకో, ఇంకో మనిషికి కూడా తెలిసేట్టు డాక్టరమ్మ బీరువాలో ఒకటి పెట్టు అని చెప్పింది. పని రిపోర్టులో ఇలా రాసింది, రెండు చేరాయి, మూడోది చేరలేదు, పనిచేస్తోంది.

భద్రాచలం బస్టాండులో ఖమ్మం బస్సు నిలబడి ఉంది, ఎక్కి కూర్చుంది. డ్రైవరు ఇంకా రాలేదు. వైరాలో అక్క దగ్గర ఉండి ఏడో తరగతి చదువుతున్న కూతురు మేఘనకు ఫోను చేసింది. ఈ అయిదు నెలల్లో తల్లీకూతుళ్లు రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, తిన్నావా, చదివావా, పడుకో. అతని పేరు ఇద్దరూ ఎత్తరు.

"నాన్న పనిచేసిన దవాఖానాకు పోయిన," అంది నాగలత.

అవతల మేఘన టీవీ ఆపేసిన చప్పుడైంది.

"గోదారి వచ్చినప్పుడు మీ నాన్న ఈడ కంప్యూటరును దుప్పట్ల చుట్టి, భుజాన పెట్టుకొని మేడ ఎక్కించిండట."

"ఎవరు చెప్పిండ్రు?"

"పగిడయ్య అని, ల్యాబుల ఉంటడు."

"నాకెందుకు చెప్పలే నాన్న?"

"నాకు కూడ చెప్పలే."

"బరువుండెనా?" అంది మేఘన.

"ఉంటది. పాతకాలం డబ్బా గదా."

"జారి పడలేదా మరి? నీళ్లల?"

"పడలేదట."

"ఇంకేం చెప్పిండు ఆయన?"

డ్రైవరు ఎక్కాడు, బస్సు కదిలింది. నాగలత కిటికీ అద్దం మూసి, ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుని, మేడ మీద నాలుగు రోజులు గంజి తాగిన సంగతి మొదలుపెట్టింది.